పుట్టింటి లెక్క

నాలుగు. మళ్ళీ నాలుగే, దీని దుంపతెగ. అరచేతిలో ఇమిడే ఈ స్కానర్ డబ్బాకి వచ్చిన విద్యల్లా ఒకటే, ఇంజన్లో ఉన్న ఎనిమిది సిలిండర్లలో మండనని మొండికేసింది ఏదో దాని నంబరు చెప్పడం, పొద్దున్నుంచి ఎన్నిసార్లడిగినా ఒకటే పాట, నాలుగో సిలిండర్ మీద మెరుపు పుట్టించే పాత కాయిల్ పీకి కొత్తది పెట్టాను, నాలుగంది, సరే ప్లగ్గేమో అనుకుని ప్లగ్గూ మార్చాను, నాలుగంది, ఇంకేం మార్చను, నా తలకాయ తీసి అందులో పెట్టనా. ఇంజన్ మాత్రం దడదడదడ అంటుంది, మధ్యలో ఒక దడ మింగేస్తుంది, మళ్ళీ దడదడదడ, బండి బండంతా చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది, మడ్‌గార్డు మీద పెట్టిన నా కాఫీ కప్పు వణుక్కుంటూ అంచు దాకా జరిగింది, పట్టుకోవే ఆర్డిస్, అని నాకు నేనే చెప్పుకున్నాను, అది కూడా పగిలితే ఇవాళ్టికి పండగే. తాళం తిప్పి ఆపేశాను. ఆపేసరికి షెడ్డంతా ఒక్కసారిగా సద్దుమణిగింది, బయట డకోటా గాలి ఒకటి ఈల వేస్తోంది, లోపల ఎక్కడో నీటిచుక్కలు టప్పు టప్పుమని పడుతున్నాయి, మార్చి ఎండకి పైన రేకుల మీద మంచు కరుగుతోంది కాబోలు, ఆ రేకుల సందు సంగతి కూడా చూడాలి, చూడాల్సినవి ఒకటా రెండా. షెడ్డు గుమ్మంలో ఎండ పడే చోట మడత కుర్చీలో మా ఆయన వెర్లిన్, మోకాళ్ళ మీద గళ్ళ దుప్పటి, తల మీద విత్తనాల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన టోపీ, నన్నే చూస్తున్నాడు.

“మంగళవారం,” అన్నాడు.

“అవునయ్యా, మంగళవారమే. ఇవాళ మాత్రం నిన్ను తప్పు పట్టడానికి లేదు.”

నవంబర్లో, జింకల వేట మొదలైన వారంలో, పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ తొడుక్కుంటూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో ఎడమ పక్క రక్తం గడ్డకట్టిందన్నారు, కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తాడు, మాట పోయింది. మాటంటే మొత్తం పోలేదు, ఒకే ఒకటి మిగిలింది. ప్రపంచంలో ఉన్న మాటలన్నిట్లో అదే ఎందుకు మిగిలిందో డాక్టర్లకే తెలీదు, ఒరిగిపోయింది ఆదివారం, మా పెళ్ళి శనివారం, మంగళవారంతో ఈ మనిషికి ఏ లావాదేవీ లేదు. ఆకలేస్తే మంగళవారం, కాఫీ చల్లారితే మంగళవారం, టీవీలో ఎవడో గోల్ కొడితే మంగళవారం. గుడ్డి కన్నా మెల్ల మేలనుకున్నాను, ఆ ఒక్క మాటనే ఎన్ని రాగాలు తీస్తాడో విని విని నాకు ఇప్పుడు కోపం మంగళవారం వేరు, బాత్రూం మంగళవారం వేరు, కుక్కని ముద్దు చేసే మంగళవారం వేరు. కానీ రాత్రి భోజనం దగ్గర ఎదురుగా కూర్చుని ఈ ముప్పైయెనిమిదేళ్ళూ నాతో ప్రతి దానికీ వాదించిన మనిషి ఉన్నాడు చూశారూ, బంగాళదుంపల్లో ఉప్పు దగ్గర్నుంచి వానొస్తుందా రాదా అన్నదాని దాకా, ఆ మనిషి కావాలి నాకు. తిట్టినా సరే. తిడితే ఇంకా మంచిది.

మైనట్ పట్నంలో మాటలు నేర్పే జోలీన్ అనే అమ్మాయి ఉంది, ముక్కుకి చిన్న ముక్కుపుడక, ఎప్పుడూ నవ్వు మొహం, ఇంకా చిన్న వయసు. మాటలన్నీ ఆయన లోపలే భద్రంగా ఉన్నాయండీ, తలుపు బిగుసుకుపోయింది అంతే అంటుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మా ఆయన నోట్లో శనికి బదులు మంగళవారం కూర్చుంది. వరసగా వచ్చేవి ఒక్కోసారి వాటంతటవే జారి వచ్చేస్తాయట, అందుకని ఆ పిల్ల వారాలు మొదలుపెట్టింది, ఆదివారం, సోమవారం, ఊఁ చెప్పండి తర్వాత, అంటే మా ఆయన ఛాతీ విరుచుకుని మంగళవారం అన్నాడు, పడిపోయాక మొదటిసారి ఆ మాట సరిగ్గా అతికిన చోటు అది, మొహం వెలిగిపోయింది, ముగ్గురం చప్పట్లు కొట్టినంత పని చేశాం, ఆ తర్వాత బుధవారం కోసం ఎంతసేపు చూసినా రాలేదు. దవడ కదిలింది, కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, బుధవారం రాలేదు. అప్పట్నుంచి వారాలంటే తల తిప్పేసుకుంటాడు, అంకెలు మొదలుపెట్టినా పెదవి బిగించేస్తాడు, పరువు గల మనిషి, చిన్నపిల్లాడిలా ఒకటి రెండు అనమంటే అంటాడా. ఇవాళ రెండింటికి చూసి తేల్చేస్తారు. కొత్త మాట ఒక్కటి, ఒకే ఒక్కటి వస్తే పాఠాలు సాగుతాయి, రాకపోతే ఇంతటితో సరి, ఇన్సూరెన్సు వాళ్ళకి ఒక్క మంగళవారం చాలదట. ఇంకోరోజు పెట్టమని బతిమాలాను, పోయిన వారం ఈ బండి దారిలో కుంటడం వల్లే ఎగ్గొట్టాం, ఇంకోసారి కుదరదని పాపం ఆ పిల్లే గొంతు తగ్గించుకుని చెప్పింది.

ఇంకో బండిలో వెళ్ళొచ్చు కదా అనకండి. పక్క పొలం కర్ట్ పోయిన వారం అలాగే అన్నాడు, తన కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు, మా ఆయన మంచి చెయ్యి కారు తలుపు మీద పెట్టి అలా బిగుసుకుపోయాడు, ఇద్దరం కలిసి తోసినా కదల్లేదు, చివరికి మంగళవారం అని ఒక్క అరుపు అరిచాడు, మా కుక్క వెళ్ళి మంచం కింద దూరింది. మొండితనం కాదది, నాకు తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది పరాయి బండి, అందులోంచి దిగేసరికి మాట లేదు. ఈ బండైతే తన సొంతం, ఎక్కి కూర్చుంటే పక్క సీట్లో అయినా మనిషిలా కూర్చుంటాడు, దారిలో ఎవరైనా ఎదురైతే వేలెత్తి పలకరిస్తాడు. పోనీ ఇలా కుంటే బండిలోనే పోదామా అంటే నది దగ్గర ఆ ఎత్తు ఉంది, పోయిన వారం అక్కడే సగం ఎక్కి ఆగిపోయాం, ఫోను అందని చోటు, గాలికి చేతివేళ్ళు పెంకుల్లా అయిపోయాయి, వెనక్కి దొర్లించుకుంటూ ఎలా దిగానో ఆ దేవుడికే తెలుసు. ఆయన పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఒక్క మంగళవారం కూడా అనకుండా.

ముందు విను, తర్వాత విప్పు. అది మా నాన్న మాట. మా నాన్న హార్లన్, పొలం పనికి ఎంత పేరో తెలీదు గానీ చెవికి పేరు, ఎవరి బండైనా రోడ్డెక్కి వస్తుంటే వంటింట్లో కాఫీ తాగుతూనే దానికేం రోగమో చెప్పేవాడు. కొడుకుల్లేరు, నేనే, నన్ను పాల క్యాను మీద నిలబెట్టి బానెట్ లోపలికి వంచి, పిల్లా, ఎడమ ఒకటి, కుడి రెండు, ఎడమ మూడు, కుడి నాలుగు, అని వేలు పట్టుకుని చూపించేవాడు, బూటు లేసు అల్లుకుంటూ పోయినట్టు అటొకటి ఇటొకటి, ఎనిమిది దాకా. నాకు అక్షరాల కన్నా ముందు అదే వచ్చింది. బళ్ళో టీచరు నాలుగు తర్వాత ఎంత అంటే ఎడమ పక్క ఐదు అన్నానని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుని నవ్వేది. ఆ లెక్కన నాలుగంటే కుడి పక్క ముందు నుంచి రెండోది. డ్రైవరుది ఎడమ పక్క, కుడి పక్కంటే పక్కన కూర్చునేవాళ్ళ పక్క, పెళ్ళైన దగ్గర్నుంచి మొన్న నవంబర్ దాకా నేను కూర్చున్న పక్క. అదిగో మెరిసిపోతూ కనపడుతోంది, నేను పెట్టిన కొత్త కాయిల్, అక్కడ ఉన్న పాతది పనిబల్ల మీద పడేశాను, చూస్తే దానికేం రోగం కనపడలేదు, చూపుకి కనపడే రోగాలా ఇవన్నీ.

బల్ల మీద ఫోను మోగితే మోచేత్తో నొక్కాను. కర్ట్.

“కుడి పక్క రెండోదే కదా మార్చింది?”

“మరి? నాలుగు లెక్కపెట్టడం రాదనుకున్నావా నాకు?”

“అబ్బే, మీ నాన్న కూతురికి నేను చెప్పేదేముంది. కాయిల్ మార్చి, ప్లగ్గు మార్చి ఇంకా అదే నంబరంటే లోపల వాల్వు కాలిపోయినట్టే ఆర్డిస్. ఇంజన్ దించాల్సిందే. ఆ కంపెనీ బండి కొన్నందుకు అనుభవించండి మరి.”

“పెట్టేయ్ ఫోను, చలికి నాలుక గడ్డకట్టుకుపోగలదు.”

ఆ కంపెనీ. మా వైపు మనుషులు దాని పేరు పలకరు, మా నాన్న అయితే పెళ్ళాం మొగుడి పేరు దాచినట్టు దాచేవాడు, వాళ్ళ బండి అనేవాడంతే. మా జిల్లాలో మనుషులు రెండు రకాలు, మా బండి వాళ్ళు, ఆ బండి వాళ్ళు, చర్చి ముందు కూడా బళ్ళు రెండు వరసల్లో ఆపేవాళ్ళు, లోపల దేవుడొక్కడే గానీ బయట ఇద్దరు. నేను పోయి పోయి ఆ బండి వాళ్ళబ్బాయిని చేసుకున్నాను. పెళ్ళిరోజు చర్చి మెట్లు దిగుతుంటే వెర్లిన్ తన బండి తలుపు తెరిచి నిలబడ్డాడు, వెనక డబ్బాలు కట్టి అద్దాల నిండా సబ్బుతో రాతలు రాసి, మా నాన్న అడ్డం వచ్చి, పిల్లనిచ్చాను గానీ దాన్ని అందులో ఎక్కించడానికి ఒప్పుకోలేదే అన్నాడు, సగం నవ్వు, సగం నిజం, చివరికి విందుకి మా నాన్న బండిలో నేను, వెనకాలే ఖాళీ డబ్బాలు మోగించుకుంటూ ఒంటరిగా పెళ్ళికొడుకు. ఆ తర్వాత ఒక మంచు తుఫానులో మా నాన్న బండి స్టార్టవకపోతే వెర్లినే వెళ్ళి తెచ్చాడు, ఇరవై మైళ్ళూ మా నాన్న నోరు విప్పలేదు, మా గుమ్మంలో దిగాక, హీటరు ఫర్వాలేదు, అన్నాడు. మా వాళ్ళలో ఫర్వాలేదు అంటే ఇంక దాని పైన మాట లేదు, చచ్చిపోయిన వాళ్ళ మీద కూడా సమాధి దగ్గర అంతకు మించి పొగడరు. వెర్లిన్ ఆ ఫర్వాలేదుని నెల రోజులు పతకంలా మెళ్ళో వేసుకు తిరిగాడు.

ఇంట్లో మాత్రం నన్ను వదిలితేనా. నేను తువ్వాలు మూడు మడతలు పెడితే వాళ్ళమ్మ రెండే పెట్టేది, నేను ట్రేలో కేకు చదరాలుగా కోస్తే వాళ్ళింట్లో పొడుగు ముక్కలు, నేను కాఫీ గింజలు కప్పుకో చెంచా చొప్పున కొలిస్తే వాళ్ళింట్లో కుండకో గుప్పెడు. ఏదైనా మా ఇంటి పద్ధతిలో చేశానా, ఒక కనుబొమ పైకెత్తి, గొంతు అడుగు నుంచి తీసి చివర్లో తోక లేపి, “మళ్ళీ మీ పుట్టింటి లెక్కేనా?” అనేవాడు. ఎన్నిసార్లన్నాడో. ఒళ్ళు మండిపోయేది. ఒకసారి కేకు ట్రే ఆయన మీదికి విసరబోయాను కూడా. ఇప్పుడెవరైనా ఆ మాట ఆ తోకతో సహా నాకు తెచ్చిస్తే ట్రేలో కేకు వాళ్ళమ్మ కోసినట్టు పొడుగు ముక్కలుగానే కోస్తాను, ఒట్టు. ఈ బండి ఒక్కటి మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు, నా కారు నేను చూసుకునేదాన్ని, ట్రాక్టరు ఇద్దరం చూసేవాళ్ళం, ఈ బానెట్ ఎత్తే హక్కు మాత్రం ఆయనదే, ఊరందరికీ అరువిచ్చే రంపాన్ని భార్యకి మాత్రం ఇవ్వని వాళ్ళుంటారు చూడండి, ఆ బాపతు. ఇవాళ నేను బానెట్ ఎత్తుతుంటే ఆ కుర్చీలోంచి ఎలా చూశాడో. అప్పట్నుంచీ ఆ గొణుగుడు ఆపలేదు, కొత్త కాయిల్ పెడుతుంటే మంగళవారం, ప్లగ్గు విప్పుతుంటే మంగళవారం, మోకాలి మీద కొట్టుకోవడం, తల అడ్డంగా ఊపడం, నా బండి ముట్టుకోకు అంటున్నాడనుకున్నాను, ముట్టుకోక ఏం చెయ్యమంటావు మహానుభావా, నువ్వు లేచి చేస్తావా, అన్నాను, అని నాలిక కరుచుకున్నాను.

వాల్వు. కర్ట్ ఆ మాట అననే అన్నాడు, నేను కూడా అనుకుంటూనే ఉన్నాను, అనుకోనట్టు నటిస్తూ. వాల్వయితే ఇవాళ కాదు, ఈ నెల కాదు. జోలీన్ రెండు దాటాక ఇంకో పది నిమిషాలు చూస్తుంది, ఆ పిల్ల మంచిది, పావుగంట చూస్తుంది, తర్వాత కుర్చీ జరిపేసి ఇంకొకర్ని పిలుస్తుంది. మా ఆయన లోపల మాటలన్నీ అలాగే ఉంటాయి, బిగుసుకుపోయిన తలుపు వెనకాల, నేను బయట కూర్చుని ఏళ్ళ తరబడి ఇది ఏ మంగళవారమో కనుక్కుంటూ ఉంటాను. ఏడుపు వచ్చింది. వస్తే రానీ అని ఇంజన్ మీదికి వంగి ఏడ్చాను, రెంచి చేతిలోనే ఉంది, టప్పు టప్పుమని ఆ చుక్క ఒకటి, ముందు విను అన్నావు కదా నాన్నా, వింటున్నాను, ఏం వినపడుతోంది, ఒక చుక్క, ఒక గాలి, ఒక మంగళవారం.

“మంగళవారం.”

“కాఫీ కావాలా?”

“మంగళవారం!”

“దుప్పటా? చలేస్తోందా? బాత్రూమా? చెప్పవయ్యా, నా ప్రాణం తీయకు.”

కుర్చీ కిర్రుమంది. తలెత్తేసరికి లేచి నిలబడ్డాడు, దుప్పటి కాళ్ళ దగ్గర పడిపోయింది, నాలుగు కాళ్ళ కర్ర ముందుకు వేస్తున్నాడు, నేలంతా కరిగిన మంచు, కుడి కాలు దాంట్లో గీత గీసుకుంటూ వస్తోంది, కూర్చో, పడతావ్, కూర్చోమంటున్నానా, అని నేను అరుస్తూనే ఉన్నాను, ఎప్పుడు విన్నాడు గనక. వచ్చి పొట్ట మడ్‌గార్డుకి ఆనించి కర్ర వదిలేశాడు, అది ఖంగున పడింది. ఎడమ చెయ్యి ఇంజన్ మీదికి చాచాడు. వేడి, ముట్టుకోకు, అని పట్టుకోబోతే నా చేతి మీద ఒక్కటి వేశాడు, నిజంగా, దోమని కొట్టినట్టు. కుడి పక్క అన్నిటికన్నా ముందున్న కాయిల్ మీద చూపుడువేలు పెట్టాడు. దవడ కదులుతోంది, పంటికి అంటుకున్న మిఠాయి పీకుతున్నట్టు, మెడ నరాలు లేచాయి.

“ఒకటి,” అన్నాడు.

రేడియో అనుకున్నాను. నిజం చెబుతున్నా, తల తిప్పి షెడ్డు మూలనున్న రేడియో వైపు చూశాను, దానికి వైరే లేదు. బొంగురుగా ఉంది, వాడకంలేని గొంతు, కానీ ఆయనదే, నవంబర్ ముందు నాటిది. వేలు వెనక్కి జరిగింది, మెరుస్తున్న నా కొత్త కాయిల్ మీద ఆగింది. “రెండు.” రెంచి నా చేతిలోంచి జారి ఇంజన్ సందుల్లోకి పోయింది, పోతే పోనీ. మాట్లాడకు ఆర్డిస్, కదలకు, ఊఁ కూడా కొట్టకు, గూట్లోంచి పిట్ట తల బయటపెట్టింది. “మూడు.” ఇంకా వెనక్కి, బండి ముందు అద్దం కిందికి, చీకట్లోకి, చెయ్యి మణికట్టు దాకా కనపడకుండా పోయింది. “నాలుగు,” అన్నాడు, అని ఆ చెయ్యి బయటికి తీసి నా మొహం ముందు పెట్టాడు. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

నాకు ముందు ఆ గొంతు తప్ప ఏమీ ఎక్కలేదు. ఒకటి రెండు మూడు నాలుగు, నాలుగు మాటలు, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. చొక్కా పట్టుకుని ఊపేయాలనిపించింది, ముద్దు పెట్టేయాలనిపించింది, మళ్ళీ అనమని అడగాలనిపించింది, అడిగితే రాకపోతే అని భయమేసింది. ఆ తర్వాత ఆ తడి చెయ్యి కనపడింది. టప్పు, అంది వెనకాల. పైన రేకుల్లోంచి కాదు. రాత్రంతా బయటున్న బండిని పొద్దున లోపలికి తెచ్చాను, హీటరు వేశాను, అద్దం మీద పేరుకున్న మంచు కరుగుతోంది, అద్దం కింది పట్టీ ఎక్కడో చిట్లి ఉంటుంది, ఆ నీళ్ళన్నీ నేరుగా కుడి పక్క చిట్టచివరి కాయిల్ మీద పడుతున్నాయి. చిట్టచివరిది. అది నా లెక్కలో ఎనిమిది. ఈ బండి లెక్కలో, వీళ్ళింటి లెక్కలో, లేసు అల్లడాలు లేవు, చర్చిలో జనం కూర్చున్నట్టు ఒక బెంచీ నిండాకే ఇంకో బెంచీ, కుడి పక్క ముందు నుంచి వెనక్కి ఒకటి రెండు మూడు నాలుగు, అది నిండాక డ్రైవరు పక్కకి పోయి అక్కడ ఐదు. నేను పొద్దున్నుంచి రెండోదాన్ని పట్టుకుని నాలుగో దాని రోగానికి మందు పోస్తున్నాను, ఆ డబ్బా పాపం నాలుగు నాలుగు అని మొత్తుకుంటూనే ఉంది, ఈయన కుర్చీలో మోకాలు బాదుకుంటూనే ఉన్నాడు, కర్ట్ గాడు ఫోన్లో తందానా, వాడూ మా బండి వాళ్ళలోనివాడే కదా. పుస్తకం తీసి చూడొచ్చు కదా అంటారా, ఒకటి రెండు లెక్కపెట్టడానికి ఎవరైనా పుస్తకం చూస్తారా!

తలెత్తి ఆయన్ని చూశాను. ఒక కనుబొమ పైకి లేచి ఉంది.

“మంగళవారం?” అన్నాడు, గొంతు అడుగు నుంచి తీసి, చివర్లో తోక లేపి.

విన్నాను. ఒక్క అక్షరం పోకుండా విన్నాను, మళ్ళీ మీ పుట్టింటి లెక్కేనా. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి, మడ్‌గార్డు మీద తల ఆనించి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆయన కూడా మొదలెట్టాడు, కుడి మూతి కిందికి జారినా ఎడమ మూతి చెవి దాకా పోయింది, భుజాలు కదిలిపోతున్నాయి, పడిపోతాడేమోనని నడుం పట్టుకున్నాను, అలా ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి ఆ కదలని బండి మీద వాలి నవ్వుతుంటే కుక్క వచ్చి ఏమైందో అని ఇద్దర్నీ వాసన చూసి పోయింది.

మిగతాది చేతిపని. అద్దం కింద చెయ్యి దూరని సందు, మోచెయ్యి గీరుకుపోయింది, ఆ వెనక కాయిల్ బోల్టు తుప్పుపట్టి ఎంతకీ రాదు, తిట్టాను, వచ్చింది. కాయిల్ లాగితే కింది రబ్బరు గొట్టం పగిలి తెల్లగా కాలిన చార, ప్లగ్గు ఉన్న గుంట నిండా నీళ్ళు, అందులో మెరుపు ఎలా పుడుతుంది, చెరువులో అగ్గిపుల్ల గీసినట్టేగా. గాలి కంప్రెసర్ గొట్టం పెట్టి కొట్టేసరికి ఆ తుప్పు నీళ్ళన్నీ నా మొహానే చిమ్మాయి, వెర్లిన్ పక్కనుండి మంగళవారం అన్నాడు, దానర్థం నేను ఇక్కడ రాయను. గుడ్డ దూర్చి తుడిచి, మళ్ళీ గాలి కొట్టి, ఆరనిచ్చి, పనిబల్ల మీద తప్పు చెయ్యకుండానే బయట పడ్డ ఆ పాత కాయిల్ తెచ్చి అక్కడ కూర్చోబెట్టాను, గట్టిగా నొక్కితే టక్కుమంది. పైన చిట్లిన పట్టీకి వెడల్పు టేపు అడ్డంగా నిలువుగా వేశాను, అందం చూడక్కర్లేదు, మైనట్ దాకా నిలిస్తే చాలు. పోయిన రెంచి ఎక్కడుందో వెతకలేదు, ఏదో గుంతలో అదే రాలి పడుతుంది.

తాళం తిప్పే ముందు ఒక్క క్షణం ఆగాను. ఆయన మడ్‌గార్డు మీద ఎడమ అరచెయ్యి పరిచి పెట్టాడు, మా నాన్న పెట్టినట్టే, ఆ బండి వాళ్ళూ ఈ బండి వాళ్ళూ అందరూ అలాగే పెడతారు కాబోలు. తిప్పాను. ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తర్వాత పట్టుకుంది, దడదడదడదడ, మింగకుండా, తడబడకుండా, ఒక్కటి కూడా పోకుండా ఎనిమిదీ. దిగి వచ్చి కాఫీ కప్పు మడ్‌గార్డు మీద పెట్టాను. కదల్లేదు.

“ఫర్వాలేదు,” అన్నాను.

ఆయన టోపీ సర్దుకున్నాడు.

బయల్దేరేసరికి ఆలస్యమే అయింది గానీ రోడ్డు ఖాళీ. ఆయన్ని కుడి పక్క ఎక్కించి, పడిపోయిన కాలు నేనే ఎత్తి లోపల పెట్టి, బెల్టు కట్టి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్క ఎక్కాను, ఇన్ని నెలలైనా ఈ పక్క నాకింకా పరాయి ఇల్లులాగే ఉంటుంది, సీట్లో ఆయన బరువుకి గుంత పడ్డ చోటే కూర్చుంటాను. మైళ్ళు పోతున్నాయి, ఎదురుగా వచ్చిన వాళ్ళకి వేలెత్తుతున్నాడు. నేను అడగలేదు. ఒక్కసారి అనవా అని నాలిక చివరి దాకా వచ్చింది, మింగాను. అది ఇంజన్ మాట, బండి మీద ప్రేమ కొద్దీ జారింది, జోలీన్ ముందు రాకపోవచ్చు, వారాల్లాగే దీనికీ ఒక గోడ ఉండొచ్చు, మంగళవారం దగ్గర అవి ఆగినట్టు నాలుగు దగ్గర ఇది ఆగిపోవచ్చు, ఆయన వేలికి నాలుగు దాకానే దారి తెలుసేమో. అలా అనుకుంటూ ఉండగానే నది దగ్గర ఆ ఎత్తు కనపడింది, మంచు సగం కరిగి నల్లగా మెరుస్తోంది. కాలు నొక్కాను. బండి ముక్కు పైకి లేచింది, పోయిన వారం ఆగిన చోటు వచ్చింది, అక్కడ మా టైర్ల గుంతలు ఇంకా ఉన్నాయి, ఇంజన్ గొంతు బరువెక్కింది గానీ తడబడలేదు, ఎక్కుతోంది, ఎక్కుతోంది. పక్కనుంచి టక్కుమని చప్పుడు. చూడలేదు, రోడ్డు మీంచి కళ్ళు తీసే ధైర్యం లేదు, కంటి చివర కనపడుతోందంతే, ఎడమ చేతి వేలు, తన ముందున్న డాష్‌బోర్డు మీద.

“ఒకటి.” టక్కు. “రెండు.” వేలు కాస్త తన వైపుకి. “మూడు.” ఇంకాస్త. “నాలుగు.” ఈసారి తన మోకాలి మీద.

ఆగాడు. దవడ కదులుతున్న చప్పుడు నాకు వినపడుతోంది, ఇంజన్ మీంచి కూడా వినపడుతోంది. అయిపోయింది, గోడ వచ్చింది, చాల్లే, నాలుగు చాలు, నాలుగు మాటలు ఇంట్లోకి కొత్తగా వచ్చాయి, కళ్ళకద్దుకుంటాను, ఇంకేం కావాలి. ఎత్తు చివరికి వచ్చేశాం, ముందంతా ఆకాశమే ఉంది. అప్పుడు ఆ చెయ్యి మోకాలి మీంచి లేచింది. గేరు మీదుగా, కాఫీ ఫ్లాస్కు మీదుగా దాటి నా పక్కకి వచ్చి, నా మోచేతి మీద వేలు పెట్టి నొక్కాడు.

“ఐదు,” అన్నాడు.